చంద్రభాగ పెద్దమ్మ ముఖం

12 జూన్ 1988, ఆదివారం

మళ్ళీ ఒక రాజుగారే!

రేణుక బీడీల చాటకు ఆనించి పెట్టుకున్న బొమ్మల పుస్తకం అట్ట మీద మళ్ళీ ఒక రాజుగారే. గుర్రం, కత్తి, కోరమీసం. పోయిన వారం ఒక సాధువు. అంతకు ముందు ఇంకో రాజు. షోలాపూర్ అశోక్ చౌక్‌లో అద్దె పుస్తకాల దుకాణం వాడి దగ్గర ఇలాంటివి ఒక గోనెసంచి నిండా ఉన్నాయి. అన్నీ పాతవి, మూలలు చివికినవి, ఎవరో భజ్జీలు తింటూ తిరగేసిన నూనె మరకలవి. పైన మాత్రం పెద్ద అక్షరాలు: ‘మహనీయుల నిజ జీవితాలు’. నిజమట! ఈ దేశంలో నేసినవాడు, రంగులద్దినవాడు, బీడీ చుట్టినది ఎవ్వరూ జీవించలేదా? అందరూ గుర్రాల మీదే పుట్టి గుర్రాల మీదే పోయారా?

ఇదే మాట అన్నాను.

“గుర్రం లేకుంటె బొమ్మ ఏం బాగుంటదయ్యా?” అంది నా భార్య రేణుక, ఆకు కత్తిరిస్తూ. “నీ కరపత్రాలల్ల ఒక్క గుర్రమన్న ఉంటదా? అందుకే ఎవ్వరు సదువరు.”

అమ్మ కిసుక్కున నవ్వింది. అమ్మకు అక్షరం రాదు. కోడలు చదివి వినిపిస్తుంటే బొమ్మలు చూసుకుంటూ బీడీలు చుడుతుంది. పురపాలక పాఠశాలలో తెలుగు చెప్పే పంతులు ఇంట్లో సాహిత్య పరిస్థితి ఇది.

సరే. నేనే ఒకటి తెస్తాను. బొమ్మల పుస్తకమే. అసలైన నిజ జీవితం. మా అమ్మది.

15 జూన్

గ్రంథాలయం కమిటీ ఒప్పుకుంది. నారళీ పున్నమి నాడు, అంటే శ్రావణ పున్నమికి, మా నేతవాళ్ళ దేవుడు మార్కండేయుడి రథోత్సవంలో ఆవిష్కరిస్తారట! మిల్లులో సమ్మె చేసిన అమ్మ పుస్తకాన్ని రథం ముందు ఆవిష్కరించడమేమిటని అడిగాను.

“మంది యాడుంటె ఆడనే గద మాస్తర్ సాబ్ పుస్తకం పంచేది?” అన్నాడు అధ్యక్షుడు సిద్ధరాములు. “మీ మే డే సభకు వచ్చేటోళ్ళు కుర్చీల కన్న తక్కువ.”

సిద్ధరాములుకు మరమగ్గాలు ఉన్నాయి, మగ్గాల మీద మనుషులు ఉన్నారు, అయినా ‘నేను గూడ కార్మికున్నే’ అంటాడు. అచ్చం మన షోలాపూర్ చద్దరు. ఇటు తిప్పితే ఎరుపు మీద తెల్ల నెమలి, అటు తిప్పితే తెలుపు మీద ఎర్ర నెమలి. రెండు దిక్కులా బొమ్మ అదే, రంగులే మారతాయి.

అయినా ఒప్పుకున్నాను. ముద్రణ అతనిది. కథ నాది. యుద్ధానికి ముందు, పాత మిల్లులో సమ్మె. బయటి కూలీలను ఎక్కించుకొచ్చిన లారీ గేటు దాకా వస్తుంది. దానికి అడ్డంగా నేల మీద పడుకుంటుంది మా అమ్మ మల్లమ్మ. కడుపులో నేను. ఇరవై ఏళ్ళుగా ప్రతి సభలో చెప్తున్నాను ఈ కథ. ‘ఆ కడుపులో ఉన్నవాణ్ణి నేనే’ అనే దగ్గర చప్పట్లు పడని రోజు లేదు.

19 జూన్, ఆదివారం

బొమ్మలు వేయడానికి అంబాదాస్ దొరికాడు. దొరికాడు అనడం నా మర్యాద. వేరే ఎవరూ ఒప్పుకోలేదు.

అతను చద్దర్లకు నక్షా గీస్తాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ పోతాడు, ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు, మగ్గం నేస్తుంది. ఇరవై ఏళ్ళుగా నెమళ్ళు, గులాబీలు. ఇప్పుడు మనుషుల్ని గీయమంటే మా నాన్న ముక్కు మెట్లు మెట్లుగా వచ్చింది. ఆ ముక్కు ఎక్కి పైకప్పు మీదికి పోవచ్చు.

అది కూడా భరించాను. తరవాత లారీ చూపించాడు. ఎదురుగా వస్తున్న లారీ. బాగానే ఉంది. తేరిపార చూస్తే అటు ఒక డ్రైవరు, ఇటు ఒక డ్రైవరు. ఇద్దరికీ చెరొక స్టీరింగు చక్రం, చెరొక మీసం.

“ఏంది అంబాదాస్ ఇది?”

“మనం సగమే గీస్తం మాస్తర్. మిగిలిన సగం మగ్గమే తిప్పి నేసుకుంటది. చేతికి అట్ల అలవాటయింది. సగం గీసి కాగితం మడతవెట్టి అచ్చు తీసిన.”

“లారీని ఇద్దరు నడుపుతారా?”

“చద్దర్ల అయితే బరోబర్ ఉంటది,” అన్నాడు నొచ్చుకుంటూ.

26 జూన్, ఆదివారం

ఉపన్యాసం వేరు, బొమ్మ వేరు. ఉపన్యాసంలో ‘మల్లమ్మ లారీకి అడ్డం పడింది’ అంటే చాలు. బొమ్మ గీసేవాడు ఊరుకోడు. తల ఎటు, కాళ్ళెటు? ఏ రంగు చీర? చేతిలో ఏముంది? వెనక ఎవరు నిలబడ్డారు? నేను చెప్పలేకపోయాను. నేనప్పుడు కడుపులో ఉన్నాను మరి!

“అవ్వనే అడుగుదాం,” అన్నాడు అంబాదాస్. అడిగాడు.

“చేతుల సద్ది గిన్నె ఉండె,” అంది అమ్మ. “నీలం చీర.”

“గిన్నె పట్టుకోని ఎట్ల పండినవ్ అవ్వా?”

“నేనేడ పండిన? నేను ఎనుక నిలవడ్డ. పండింది మా యారాలు. చంద్రభాగక్క.”

బీడీ చుడుతున్న చేతులు ఆగలేదు. అదేదో ఉప్పు అయిపోయింది అన్నట్టు చెప్పింది. రేణుక చేతులు ఆగాయి. అంబాదాస్ పెన్సిలు ఆగింది. నేను లేచి బయటికి వెళ్ళి, పక్కింటి మగ్గాల చప్పుడు వింటూ కాసేపు నిలబడి వచ్చాను.

27 జూన్

అమ్మకు మతిమరుపు మొదలైంది. వయసు.

1 జూలై

మతిమరుపు కాదు. అన్నీ గుర్తున్నాయి. ఆ రోజు మిల్లు గేటు దగ్గర పుచ్చకాయలు అమ్మేవాడి పేరు కూడా చెప్పింది.

చంద్రభాగ మా పెద్దమ్మ, పెద్దనాన్న మొదటి భార్య, అమ్మకు తోడికోడలు. పిల్లలు లేరు. సమ్మె మరుసటేడు గత్తర, అంటే కలరా, వచ్చి ఆమె పోయింది. నాకప్పుడు నెలల వయసు. పెద్దనాన్న ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. గోడకు ఉన్న పటంలో ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నది రెండో ఆమె. చంద్రభాగ పెద్దమ్మకు పటం లేదు. ఎవరూ తీయలేదు.

“పోలీసోళ్ళు పేరడిగితె అక్క చెప్పలే,” అంది అమ్మ. “ఎవరో ‘ఆ ఇంటి కోడలు’ అన్నరు. అక్క పోయినంక ఆ ఇంటికి కోడల్ని నేనే మిగిలిన. ఇగ అందరు నన్నే అన్నరు.”

“నువ్వు చెప్పాల్సింది కదా!”

“నువ్వు మైకు పట్టుకుంటె ఎవరి మాట ఇంటవు బిడ్డా? ఎన్నిసార్లన్న, అట్ల గాదు, అట్ల గాదు అని. నువ్వేమో మా అమ్మ వినయం చూడండి అంటివి. మల్ల చప్పట్లు.”

అన్నది నిజమే కావచ్చు. సభల్లో శబ్దం ఎక్కువ.

నేను సిద్ధాంతం చెప్పాను. ఒక ఉద్యమం ఎవరో ఒకరి ముఖంతో జనానికి గుర్తుంటుంది, చరిత్రకు ఒక ముఖం కావాలి, ఆ ముఖం ఎవరిదన్నది రెండో విషయం అన్నాను. మంచి వాదన. గట్టిగానే చెప్పాను.

“అయితే ఆమెది పెట్టు,” అంది అమ్మ.

“ఆమె ముఖం ఎవరికీ తెలియదమ్మా!”

“అందుకే పెట్టు. నేను పోతె ఇగ అడుగుదామన్న ఎవరుండరు. ఆ రాజుల మొఖాలు ఎవరన్న సూసిన్రా? అయినా ఉన్నయి గద పుస్తకంల. రోజు సూస్తున్న.” బీడీకి దారం చుట్టి, “మా అక్క బొమ్మ ఒక్కటుండాలె. అంతే. నాది నక్కో, వద్దు,” అంది.

3 జూలై, ఆదివారం

కమిటీ. చంద్రభాగ పెద్దమ్మ సంగతి చెప్పాను.

“సచ్చినామెను ఎవడు గుర్తువడ్తడు మాస్తర్?” సిద్ధరాములు. “బతికున్న మనిషైతే స్టేజి ఎక్కిస్తం, శాలువ కప్పుతం, దండేస్తం. మంది సూస్తరు. ఆ చంద్రభాగమ్మకు దండ ఏడ ఏసేది? గాలిల ఏసేదా?”

చూస్తాను అని చెప్పి వచ్చాను. నేను! ‘చూస్తాను’ అని! ఈ మాట అనేవాళ్ళ మీద ఎన్ని కరపత్రాలు వేశాను.

5 జూలై

చంద్రభాగ పెద్దమ్మే. నిర్ణయించాను. రేణుక రెండు రోజులుగా నాకు చాయ్ ఇచ్చేటప్పుడు గ్లాసు కింద పెట్టే చప్పుడుకూ ఈ నిర్ణయానికీ సంబంధం లేదు.

10 జూలై, ఆదివారం

అంబాదాస్ అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ చెబుతుంది, అతను గీస్తాడు. గళ్ళ కాగితం వదిలి తెల్ల కాగితం తెచ్చాడు, అదే పెద్ద విప్లవం.

“కోల మొఖమా, గుండ్రమా అవ్వా?”

“నడిమి.”

“ముక్కు?”

“మంచిగనే ఉండె.”

గీసి చూపించాడు. సినిమా తార.

“ఈమె గాదు.”

ఇంకొకటి. దాని కుడి సగమే ఎడమ సగం. అలవాటు పోలేదు.

“ఈమె గాదు.”

ఇంకొకటి. కొంచెం రేణుక పోలిక.

“నన్నెందుకు లారి ముందల పండవెడ్తున్నవ్ అంబాదాసన్నా?” అంది రేణుక. “ఈ ఇంట్ల పండేటందుకే సమయం దొర్కుత లేదు.”

“ఈమె గూడ గాదు,” అంది అమ్మ.

17 జూలై, ఆదివారం

ఈమె కాదు. ఈమె కాదు. ఈమె కాదు.

చాప మీద అరడజను ఆడవాళ్ళు పరిచి ఉన్నారు, ఒక్కరూ చంద్రభాగ కాదు. కళ్ళు పెద్దవి చేస్తే కాదంటుంది, చిన్నవి చేస్తే కాదంటుంది. ఏమి మార్చాలో చెప్పదు. కాదు అన్నది ఒక్కటే.

అంబాదాస్ చివరికి విసిగి, “ఏదో ఒక మొఖం ఏద్దాం అవ్వా. ఎవరికి తెలుస్తది?” అన్నాడు.

“నాకు తెలుస్తది గద!”

అప్పుడు నేను అరిచాను. నీ మొండితనంతో పుస్తకం ఆగిపోయేట్టుంది, రథం వచ్చేస్తోంది, నువ్వే ముఖం కావాలంటివి, నువ్వే ఏదీ వద్దంటివి, అసలు నీకు ఈ పుస్తకం రావడం ఇష్టం లేదు, నీ యారాలు పేరు మీద నన్ను ఆడిస్తున్నావు. ఇంకా ఏవో అన్నాను. సభలో అరిచే గొంతు. ఇంట్లో అరవడానికి ఆ గొంతు పెద్దది.

అమ్మ చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. అంబాదాస్ పెన్సిళ్ళు ఏరుకుని పోయాడు.

18 జూలై

అమ్మ మాట్లాడడం లేదు.

20 జూలై

బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఒక్కతే గడపలో కూర్చుని ఉంది. ముందు చాట ఉంది, చేతుల్లో ఆకు లేదు. అమ్మ చేతులు ఖాళీగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. పక్కన కూర్చున్నాను. తప్పయింది అందామనుకున్నాను. “అంబాదాస్ ఆదివారం వస్తాడు,” అన్నాను.

“రానియ్యకు.”

“ఎందుకు?”

చాటను పక్కకు జరిపింది. తరవాత అన్నది:

“యాదికొస్త లేదు బిడ్డా.”

“ఏంది?”

“అక్క మొఖం. యాదికొస్త లేదు. ఆమె గొంతు యాదికున్నది. నడక యాదికున్నది. నా తల దువ్వుతుంటె చేతులు ఎట్ల తగులుతుండెనో యాదికున్నది. మొఖం పోయింది. ఎప్పుడు పోయిందో గూడ ఎర్క లేదు. అంబాదాసు బొమ్మ తియ్యంగ తియ్యంగ ఒకటి సూసి ‘ఆఁ, గిదే’ అంటనేమో అనుకున్న. రాలే. ఈమె గాదని తెలుస్తది. మల్ల ఎవరో తెలుస్త లేదు.”

ఇద్దరూ ఒక్క పొయ్యి మీద వండుకున్నారు. ఒక్క మగ్గం కింద కండెలు చుట్టారు. అమ్మ మొహం గోడ వైపు తిప్పుకుని ఉంది. ఏదో పెద్ద నేరం చేసి పట్టుబడ్డ మనిషిలా.

యాభై ఏళ్ళమ్మా, ఎవరికైనా పోతుంది అన్నాను. “ఎవరికన్న పోతది,” అంది. “ఆమెకు నేను దప్ప ఎవరున్నరు?”



24 జూలై, ఆదివారం

అంబాదాస్‌కు రావద్దని చెప్పడం మరచిపోయాను. వచ్చాడు. అమ్మ లోపలికి పోబోయింది. రేణుకే కదిలించింది. రాజుల పుస్తకం ఒకటి తీసి అత్త ఒళ్ళో పడేసి, “అత్తా, గీ పుస్తకాలల్ల అందరు మన దిక్కే సూస్తరెందుకు? గుర్రం అటు ఉరుకుతుంటె గూడ రాజు ఇటే సూస్తడు. కింద పడడా?” అంది.

అమ్మ నవ్వలేదు. ఆ బొమ్మ కేసి చూస్తూ ఉండిపోయింది. తరవాత మెల్లగా అంది:

“ఆ రోజు గూడ అక్క నా దిక్కు సూడలే.”

“మరి ఎటు చూసింది అవ్వా?” అంబాదాస్.

“లారి దిక్కు. నేను ఎనుక ఉంటి గద. నేను సూసింది ఆమె ఈపే.”

ఇక అమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది, ఆ రోజు అక్క ఎలా ఉందో. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. రవిక భుజం మీద మగ్గం నూనె మరక. మడిమలు పగిలి ఉన్నాయి. కొప్పు జారి ఎడమ చెవి మీదికి వచ్చింది. సర్దుకోవడానికి చెయ్యెత్తి, మధ్యలో మానేసి, దించేసింది. అట్లాగే నడుచుకుంటూ పోయింది, తరవాతే పడుకుంది. “ఆ చెయ్యి దించింది సూడు, అప్పుడు నాకు భయమైంది. ఇగ ఈమె ఆగదు అనుకున్న.”

అంబాదాస్ గీస్తున్నాడు. అలవాటు కొద్దీ ఒక సగం గీసి కాగితం మడతపెట్టబోయాడు.

“మడువకు!” అరిచింది అమ్మ. “కొప్పు ఒక్క దిక్కే జారింది.”

రెండు సగాలూ చేత్తో గీశాడు. చెమటలు పట్టాయి అతనికి. ఎదురుగా లారీ, లోపల ఒకే ఒక్క డ్రైవరు. ముందు ఒక ఆడమనిషి వీపు.

అమ్మ కాగితం దగ్గరికి తీసుకుని చూసింది. దూరం పెట్టి చూసింది.

“ఈమెనే,” అంది.

31 జూలై, ఆదివారం

కమిటీలో యుద్ధం. అట్ట మీద వీపు ఏమిటని సిద్ధరాములు. ముఖం లేని మనిషి జీవితకథ ఎవరు కొంటారు, అచ్చు తప్పు అనుకుంటారు అన్నాడు.

నేను లేచాను. చరిత్రకు ముఖం కావాలనేది రాజుల వాదన అన్నాను. ముఖాలన్నీ రాజులవే ఎందుకయ్యాయి? చిత్రకారులకు జీతమిచ్చింది వాళ్ళు కాబట్టి. మన మనుషులను చరిత్ర చూసిందే వీపు వైపు నుంచి, పని మీద వంగి ఉండగా. కాబట్టి ఈ వీపే నిజం. నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

(ఇంటికొచ్చి ఇది చెప్తే, “మొదటి నుంచి అంటె ఏ తారీకు సంది?” అని అడిగింది రేణుక.)

కమిటీ చలించలేదు. అప్పుడు అమ్మ వచ్చింది, రేణుక చెయ్యి పట్టుకుని, గ్రంథాలయం మెట్లెక్కి.

“ఏం సిద్ధరాములూ, నాకు దండేస్తవట?”

“అవునవ్వా, మీరు మా...”

“నేను లారి ముందల పండలే. మా యారాలు పండింది. నువ్వు నా మెడల దండేస్తివనుకో, ఆ మైకులనే గీ మాట చెప్పి, ఆ దండ దీసి నీ మెడల ఏస్త. బతికున్నోని పటానికి దండేసినట్లయితది. సూస్కో.”

తీర్మానం ఏకగ్రీవం.

14 ఆగస్టు, ఆదివారం

అచ్చు నమూనా వచ్చింది. అట్ట మీద పెద్దమ్మ. పైన పేరు: చంద్రభాగ. నా ముందుమాటలో సగం కోసేశారు, దాని సంగతి తరవాత.

అమ్మ ఒళ్ళో పెట్టాను. చీర కొంగుతో వేళ్ళు తుడుచుకుని, కొప్పు మీద, వీపు మీద వేలు ఆనించి చూసింది. ఉన్నట్టుండి అట్ట తిప్పింది. వెనక వైపు చూసింది.

నాకు అర్థం కాలేదు. రేణుకకు అయింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

చద్దరు. పుట్టిన దగ్గర్నుంచి చద్దర్లు తిప్పిన చేతులు. ఇటు వీపు ఉంటే, అటు తిప్పితే ముఖం ఉంటుందని...

అట్ట లోపలి వైపు సిద్ధరాములు ఉన్నాడు. నిలువెత్తున. చేతులు జోడించి, నవ్వుతూ. కింద ‘శుభాకాంక్షలతో’.

“గీడెవడు?” అంది అమ్మ.

15 ఆగస్టు

జెండా అయిపోగానే ప్రెస్సుకు పోయాను. సిద్ధరాములూ అక్కడే ఉన్నాడు. అరిచాను. అతనూ అరిచాడు. ప్రెస్సు వాడు మిషన్ ఆపి మరీ విన్నాడు. చివరికి తేలింది ఇది: సిద్ధరాములు బొమ్మ చివరి అట్ట బయటికి పోతుంది, రెండు రంగుల్లో. నా ముందుమాటలో మిగిలిన సగం కూడా పోతుంది, ఆ చోట అతని సందేశం. ముందు అట్ట లోపలి వైపు ఏమీ వేయరు.

“ఏమి లేకుండ ఎట్ల ఇడుస్తరు?” అని చివరిదాకా గొణిగాడు. “మంచి జాగ ఖరాబయితది.”

నా ముందుమాట! ఇరవై ఏళ్ళ ఆలోచన దాంట్లో ఉంది.

27 ఆగస్టు, నారళీ పున్నమి

రథం, డోళ్ళు, గులాలు, దుమ్ము. మైకులో సిద్ధరాములు నా పేరు తప్పు పలికాడు. పుస్తకాలు పంచుతుంటే ఒకాయన అట్ట చూసి, “ఏం మాస్తర్, మీ అమ్మ అలిగి అటు తిరిగిందా?” అన్నాడు. ఇంకొకాయన గుర్రం లేదా అని అడిగాడు. ఇది మన ప్రజానీకం.

ఇంటికొచ్చాక అమ్మకు ఒకటి ఇచ్చాను. కొప్పు మీద వేలు పెట్టింది. అట్ట తిప్పింది. తెల్లగా, ఖాళీగా ఉంది. అరచేత్తో రాసింది దాన్ని, కొత్త చద్దరు నున్నగా ఉందో లేదో చూసినట్టు. చాలాసేపు అటే చూసింది.

“ఏమన్న కనవడ్తున్నదా అత్తా?” రేణుక.

“కనవడది,” అంది అమ్మ. “జాగైతె ఉంచిన్రు గద.”